నాలుగో నంబరు కుటుంబం

మా ఊరికి డాక్టరు చదువు పిల్లలు వస్తున్నారని ముందు రోజే ఆశా కార్యకర్త ఇంటింటికీ చెప్పి పోయింది. మంచాలు ఖాళీగా ఉంచమంది, కుక్కల్ని కట్టెయ్యమంది. నేను రెండూ చేయలేదు. మంచం మీద నా కొడుకు పడుకుని ఉన్నాడు. కుక్క మాది కాదు.

మరుసటి రోజు కాలేజీ బస్సు వచ్చి తుఫాను షెల్టరు ముందర ఆగింది. తెల్ల కోట్లు, చేతుల్లో అట్టలు, మెడలో వేలాడే కార్డులు. వాళ్ళను వెంటబెట్టుకొచ్చిన పెద్ద డాక్టరమ్మ మమ్మల్ని నీడన నిలబెట్టి మాట్లాడింది. ఒక్కొక్క విద్యార్థికి అయిదు ఇళ్ళు అప్పగిస్తారట. చదువు అయ్యేదాకా వాళ్ళు ఆ ఇళ్ళకే వచ్చి పోతుంటారట. "జబ్బుల పేర్లు మేం నేర్పిస్తాం. జబ్బు మనిషి దాకా ఏ దారిన వస్తుందో మీరు నేర్పించాలి. ఈరోజు నుంచి మీరే వీళ్ళకు టీచర్లు" అంది.

అందరూ నవ్వారు. నేను మాత్రం ఆ మాటను నమ్మాను. నేను బడికి పోయింది మూడో తరగతి దాకా. చదవడం, రాయడం వదిలిపెట్టలేదు గానీ, నాకు తెలిసింది ఇంకొకరికి చెప్పమని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. అడిగారు కాబట్టి సరిగ్గా చెప్పాలనుకున్నాను.

మా ఇంటికి వచ్చింది ఒక ఆడపిల్ల. గుంటూరు పక్క పిల్ల, సన్నగా, కళ్ళద్దాలు. గడపలో నిలబడి అట్ట చూసి చదవడం మొదలుపెట్టింది.

"మామ్మగారూ, మీ ఇంట్లో ఎంతమంది ఉంటారండీ?"

"ఈడ మామ్మ అనరు. అవ్వ అంటారు. ముందు కూర్చో."

కూర్చుంది. నేను, కొడుకు, కోడలు, ఇద్దరు మనవరాళ్ళు, కొన్నాళ్ళుగా వచ్చి ఉంటున్న కోడలి తమ్ముడు అని చెప్పాను. రాసుకుంది. తరవాత ప్రశ్న మరుగుదొడ్డి గురించి.

"వంట చేసుకుంటుంటే అదా అడగేది? దాన్ని ఆఖర్న పెట్టుకో" అన్నాను.

"వరసలో అట్లాగే ఉంది అవ్వా."

"వరస మార్చు. రాసినోళ్ళు ఎవురింటికీ పోయినట్టు లేరు."

పిల్ల నవ్వి వరస మార్చింది. అది నాకు నచ్చింది.

నా కొడుక్కు షుగరు. నలభై నిండకముందే వచ్చింది. కుడి కాలి చిటికెన వేలి కింద పుండు పడి అప్పటికి ఏడు నెలలు. ఆ పిల్ల కట్టు విప్పి చూసింది, ముక్కు మూసుకోలేదు. ఆసుపత్రి చీటీ తీసుకుని చూసి, తన కాగితం మీద ఇంగ్లీషులో ఒక మాట రాసింది. అదేమిటని అడిగాను. చెప్పడానికి వెనకాడింది.

"చెప్పిన మాట వినరు అని అవ్వా. కాలు తడపొద్దంటే తడుపుతున్నారని చీటీలో ఉంది."

"నువ్వు చూసినావా, వినకపోవడం?"

"లేదు."

"అయితే ఆ మాట కొట్టెయ్. కొట్టేసి నాతో రా."

మా ఊరిని ఆనుకుని ఉన్న ఉప్పునీళ్ళ సరస్సు ఒడ్డుకు తీసుకుపోయాను. బూట్లు విప్పమన్నాను. విప్పి బురదలోకి దిగింది. నాలుగు అడుగులు వేసేసరికి అబ్బా అని కాలు ఎత్తింది. గుల్ల గీసుకుంది. మా నీళ్ళ అడుగున అంతా విరిగిన గుల్లలే.

"చెప్పులేసుకోనుండొచ్చు గదా" అన్నాను, ఆసుపత్రిలో మాతో అన్నట్టే.

"బురదలో ఊడిపోతాయి కదా అవ్వా."

"నాకు తెలుసు. నీకు తెలియాలని దించినా. ఇప్పుడు పోయి కడుక్కో. ఏ నీళ్ళతో కడుక్కుంటావు?"

బోరు నీళ్ళు కొట్టి ఇచ్చాను. గీత మీద పోసుకుని పళ్ళు బిగించింది. మా బోర్లన్నీ ఉప్పే, సబ్బుకు కూడా నురగ రాదు. తరవాత ఇంట్లో వరసగా పెట్టిన మంచినీళ్ళ క్యాన్లు చూపించాను. ఆరుగురికి తాగడానికి, వండడానికి అవే. "దినానికి రెండుసార్లు పుండు మంచినీళ్ళతో కడగమని చీటీలో రాసుండారు. ఆ నీళ్ళు ఈ క్యాన్లలోంచే తియ్యాల. ఎవురు తాగే నీళ్ళు తగ్గించమంటావో నువ్వే చెప్పు" అన్నాను.

పిల్ల క్యాన్ల వైపు, మనవరాళ్ళ వైపు చూసింది. తరవాత, "మా చదువులో దీన్ని సోషల్ డిటర్మినెంట్స్ అంటారు అవ్వా. మనిషి ఆరోగ్యం ఆసుపత్రిలోకంటే ఇల్లు, నీళ్ళు, పని, తిండి... వీటి దగ్గరే తేలిపోతుందని" అంది.

"దీనికి కాలేజీ కావాల్సొచ్చిందా? మా కుక్కనడిగినా చెప్పేది."

"కుక్క మీది కాదన్నారుగా!"

ఆ రోజు నా కొడుకు కూడా నవ్వాడు. చాలా రోజులకు.

తరవాత కాలేజీ పంపిన రోజుల్లోనే కాక, శనివారాలు కూడా సూళ్లూరుపేటలో దిగి బస్సు మారి వచ్చేది. నేను చెప్పగలిగిందంతా చెప్పాను. అన్నం తగ్గించమని పెద్ద ఆసుపత్రిలో చెబుతారు, తగ్గించిన చోట ఏం పెట్టాలో చెప్పరు. పట్టిన రొయ్య మా కంచంలోకి రాదు, ఏరగా మిగిలిన చిన్న చేపలే మాకు. ఊరి దగ్గరి ఆసుపత్రి తెరిచే వేళకు మగవాళ్ళు నీళ్ళ మీద ఉంటారు, వాళ్ళు గట్టెక్కేసరికి అక్కడ తాళం. కట్టు గుడ్డను నేను ఉడకబెట్టి ఎండలో ఆరేసి మళ్ళీ వాడతానని తెలిసి ముందు కంగారుపడింది. ఎంతసేపు మరిగిస్తానో, ఏ తాడు మీద ఆరేస్తానో చూపిస్తే కూర్చుని బొమ్మ గీసుకుంది. మా ఇంట్లో తిన్నప్పుడు కంచంలో మెతుకు వదిలితే ఊరుకునేదాన్ని కాదు. ఆ పిల్ల కూడా వదలడం మానేసింది. నాకు ఆమె మీద గురి కుదిరింది. పాఠం తలకెక్కే పిల్ల అనుకున్నాను.

ఒక శనివారం కట్టు కడుతూ అడిగింది.

"అవ్వా, ఈ కాలితో నీళ్ళల్లో నిలబడటం కుదరదు. అయినా మీకు రొయ్యలు వస్తున్నాయి. ఎట్లా?"

 ఆ మాటకు జవాబు మా ఇంట్లో నలుగురు పెద్దవాళ్ళకు తప్ప తెలియదు.

అది అర్థం కావాలంటే మా ఊరి పద్ధతి చెప్పాలి. సరస్సులో రొయ్య నడిచే చోట్లు కొన్నే. వాటిని ఇంటింటికీ వంతులుగా పంచుకుంటాం. ఏడాదికొకసారి అమ్మవారి గుడి ముందర చీట్లు తీస్తారు. పెళ్ళయిన మగవాడి పేరు మీద ఇంటికొక వంతు. పడవలో ఇద్దరు పోతారు. పడవ కదలకుండా పట్టుకునేది ఎవరైనా కావచ్చు, పొరుగూరి చుట్టమైనా సరే. నీళ్ళల్లోకి దిగి, కట్టెలు నాటి, వల కట్టేది మాత్రం వంతు ఉన్న మనిషే. అతనికి చేతకాకపోతే ఊరి పెద్దకు చెప్పుకోవాలి. ఆయన్ని మేము పెద్దకాపు అంటాం. అప్పుడు ఆ ఏడాది వంతు ఊరిదవుతుంది, ఊరు ఆ ఇంటికి కొంచెం వాటా ఇస్తుంది. మరుసటి చీట్లలో ఆ ఇంటి పేరు ఉండదు. కొడుకు ఎదిగి పెళ్ళి చేసుకున్నాకే మళ్ళీ పేరు ఎక్కుతుంది. నా కొడుక్కు ఇద్దరూ ఆడపిల్లలు.

ఊరికే పుట్టిన నియమం కాదు. ఒకప్పుడు రొయ్యలు కొనే వ్యాపారి ఒకడు కొన్ని ఇళ్ళను లోబరుచుకుని, సగం వంతుల్లో తన మనుషుల్ని దించాడు. మా మగవాళ్ళు గట్టున కూర్చుని చూశారు. ఆ తరవాత ఊరంతా అమ్మవారి ముందర ప్రమాణం చేసి ఈ కట్టుబాటు పెట్టుకుంది. ప్రమాణం చేసినవాళ్ళలో నా పెనిమిటి ఒకడు.

ఇంకొక సంగతి కూడా ఉంది. అయిదారేళ్ళ కిందట పడమటి వీధిలో ఒకతనికి నడుము పట్టేసింది. తన బదులు వేరే ఊరి మనిషిని దించి పట్టుబడ్డాడు. పంచాయితీలో ఆడవాళ్ళు నోరు విప్పరు. నేను విప్పాను. ఒకరికి సడలిస్తే అందరికీ సడలించాలని అన్నాను. పెద్దలకు జాలి కలిగినా నా మాట కాదనలేకపోయారు. అతని పేరు తీసేశారు. అటువంటి నేను నా కొడుకు కోసం ఏ ముఖంతో పెద్దకాపు ముందు నిలబడను?

అందుకని దాచాం. గట్టు మీద అందరూ చూస్తుండగా నా కొడుకు ఒడ్డు నీళ్ళల్లో కుంటకుండా నడిచి ముందు పడవ ఎక్కేవాడు. వెనక కోడలి తమ్ముడు, పడవ పట్టుకునేవాడిలాగా. మా చోటికి చేరాక ఇద్దరూ పనులు మార్చుకునేవాళ్ళు. వీడు కాలికి పాల కవర్లు చుట్టుకుని పడవలో కూర్చుంటే, తమ్ముడు దిగి కట్టెలు నాటేవాడు. ఆ చోటికి మా పడవ తప్ప మరొకటి రాదు. చీట్లకు ఇంకా నాలుగు నెలలుంది. ఆ లోపల పుండు మానితే వంతు దక్కుతుందని మా ఆశ.

ఆ శనివారం ఇదంతా ఆ పిల్లకు చెప్పాను. ఎందుకు చెప్పానంటే, అడిగింది కాబట్టి. ఇది చెప్పకపోతే తక్కిన పాఠమంతా సగమే అవుతుంది కాబట్టి. ముందుగా పెద్ద మనవరాల్ని పిలిచి, "దీని తల మీద చెయ్యి పెట్టి చెప్పు, బయటికి పొక్కనివ్వనని" అన్నాను.

పెట్టింది. "మీ పేరు ఎక్కడా రాయను అవ్వా. మాకు రూల్ ఉంది. ఇళ్ళకు నంబర్లే. మీది నాలుగో నంబరు కుటుంబం."

ఆ తరవాత రెండు నెలలకు కాలేజీవాళ్ళు ఊళ్ళోనే ఒక సభ పెట్టారు. పిల్లలు ఏం నేర్చుకున్నారో ఊరివాళ్ళకే చెబుతారట. తుఫాను షెల్టరులో కుర్చీలు వేశారు, గోడకు తెల్ల గుడ్డ కట్టి దాని మీద బొమ్మలు పడేటట్టు మిషను పెట్టారు. ముందు వరసలో పెద్దకాపు, మిగతా పెద్దలు. నన్ను పిలిచి, ఊరి టీచరమ్మ అని చెప్పి పెద్ద డాక్టరమ్మ శాలువా కప్పింది. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలోనే నాకూ కుర్చీ వేశారు.

మా పిల్ల వంతు వచ్చింది. "నాలుగో నంబరు కుటుంబం" అని మొదలుపెట్టింది. ఊరివాళ్ళకు అర్థం కావాలని తెలుగులోనే చెప్పింది, చక్కగా, తడబడకుండా. ఉప్పు బోరు, మంచినీళ్ళ క్యాన్లు, గుల్లల బురద, తాళం వేసిన ఆసుపత్రి. "చెప్పిన మాట వినరు అని నేను ఒక మాట రాశాను. దాన్ని కొట్టేయడం ఈ ఊళ్ళో నేర్చుకున్నాను" అంది. అన్నీ నా మాటలే. పెద్ద డాక్టరమ్మ తల ఊపుతోంది. నేను శాలువా సర్దుకుని నిటారుగా కూర్చున్నాను. అంత గర్వం నాకు నా పెళ్ళిలో కూడా లేదు.

అప్పుడు గుడ్డ మీద ఫొటో పడింది.

పడవలో ఒకతను కూర్చుని ఉన్నాడు, కాలికి పాల కవర్ల మూట. అవతల నడుము లోతు నీళ్ళల్లో ఇంకొకతను కట్టె నాటుతున్నాడు. ఇద్దరి కళ్ళ మీదా నల్ల పట్టీలు. పడవ ముక్కు మీద, కిందటేడు బండ తగిలి చీలినప్పుడు మేము కొట్టించిన ఆకుపచ్చ రేకు, గోడంత పెద్దదై మెరుస్తోంది.

మా ఊళ్ళో నీళ్ళ మీద ఉన్న మనిషిని ముఖం చూసి ఎవరూ గుర్తుపట్టరు. అంత దూరం నుంచి ముఖాలు ఎక్కడ కనిపిస్తాయి? పడవను చూసి ఇది ఫలానావాడు అనుకుంటాం. ఆడవాళ్ళు గట్టు నుంచి తమ పడవను గుర్తుపట్టాకే పోయి పొయ్యి వెలిగిస్తారు. ఆ పిల్లకు ఇన్ని చెప్పాను, ఇది చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని నాకే తోచలేదు.

పిల్ల చెప్పుకుంటూ పోతోంది. "ఇంటి యజమాని నీళ్ళల్లోకి దిగలేరు. ఇది తెలిస్తే చేపలు పట్టే హక్కు పోతుందన్న భయంతో దాస్తున్నారు. ఆ భయం వల్లే వైద్యం ఆలస్యమైంది..."

వెనక నుంచి ఎవడో అన్నాడు, "రేయ్, అది అతుకు పడవ గదరా!"

ఇంకొకడు అందుకున్నాడు. "నల్లపట్టీ ముఖానికి గాదు పాపా, పడవకు ఎయ్యాల!"

షెల్టరంతా నవ్వు. పిల్లకు ఎందుకు నవ్వుతున్నారో తెలియక తానూ కొంచెం నవ్వింది. నా వెనక కుర్చీలో పడమటి వీధి అతని పెళ్ళాం కూర్చుని ఉంది. నా భుజం మీదికి వంగి, నాకు మాత్రమే వినపడేటట్టు అంది.

"శాలువా బాగుండాది అత్తా. మా ఆయన నడుముకు కూడా ఇట్టా ఫొటో తీసుంటే మాకూ ఒకటి కప్పుండేవాళ్ళేమో."

పెద్దకాపు నా వైపు తిరగలేదు. సభ అయ్యేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. లేచేటప్పుడు మాత్రం, "రేపు పొద్దన అందరూ గుడి కాడికి రాండి" అన్నాడు.

నేను బయటికి నడిచాను. పిల్ల వెనక పరిగెత్తుకొచ్చింది. అప్పటికి ఎవరో చెప్పినట్టున్నారు, ముఖం పాలిపోయి ఉంది.

"అవ్వా, నేను పేరు చెప్పలేదు. ముఖాలు కూడా కనపడనివ్వలేదు. చూశారుగా."

"ఆ ఫొటో నీకెవురిచ్చినారు?"

"పిల్లల మామయ్యే, నాటిన కట్టెకు ఫోను కట్టి టైమరు పెట్టి తీసి పంపారు. పడవలో కాలు తడవకుండా ఎట్లా చూసుకుంటున్నారో చూపించమని అడిగాను."

"నన్నడిగినావా?"

పిల్ల నేల చూసింది. "మా మేడమ్ చాలా మెచ్చుకున్నారు అవ్వా. ఇంత మంచి కేసు బ్యాచిలో ఎవరికీ దొరకలేదన్నారు. మీలాంటి వాళ్ళ కష్టం నలుగురికీ తెలియాలని..."

"కేసు."

"అంటే... మా భాషలో అట్లా అంటాం."

"నా మనవరాలి తల మీద చెయ్యి పెట్టినావు."

"పేరు బయటపెట్టనన్నాను అవ్వా. పెట్టలేదు."

నాకు దాని మీద చెయ్యి ఎత్తాలనిపించింది. ఎత్తలేదు. "నీకు తెలియాలని చెప్పినా పాపా నేను. నీ నోటికి పని కావాలని కాదు" అన్నాను. ఇంకేదో చెప్పబోతుంటే పెద్ద డాక్టరమ్మ మా దగ్గరికి వచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని, మీ పాఠం చాలా మందికి చేరుతుందమ్మా అని సంతోషంగా చెప్పి బస్సెక్కింది. ఆమెకు ఇంకా ఏమీ తెలియదు. చెప్పాలని నాకూ అనిపించలేదు.

మరుసటి పొద్దున గుడి ముందర ఊరంతా కూర్చుంది. నా కొడుకు కర్ర లేకుండా నడిచి వచ్చాడు. దారిలో నాతో అన్నాడు, "ఆ ఒక్క దినమే కాలు నొప్పిగా ఉండి కూర్చున్నా అని చెప్తా. నువ్వు ఊరకుండు చాలు." నేను ఊ అనలేదు, ఊహూ అనలేదు.

మాటలు మొదలు కాకముందే ఆ పిల్ల వచ్చింది. మొదటి బస్సుకు ఒక్కతే వచ్చింది, తెల్ల కోటు లేకుండా. పెద్దకాపు ముందు చేతులు కట్టుకుని నిలబడి, మాట్లాడొచ్చా అని అడిగింది.

"చెప్పు తల్లీ."

"నిన్న చూపించిన ఫొటో నిజం కాదండీ. పాఠం బాగా అర్థం కావాలని నేనే వాళ్ళను అట్లా కూర్చోమని, అట్లా దిగమని చెప్పి తీయించాను. నేను చెప్పినదాంట్లో కూడా సగం కల్పించిందే. వాళ్ళ తప్పేమీ లేదు."

 నా కొడుకు తల ఎత్తాడు. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దకాపు ఆ పిల్లను చాలాసేపు చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు. మా ఆయనతో కలిసి తిరిగినవాడు. మా ఇంటి పేరు తీయడం ఆయనకు ఇష్టం లేదని నాకు తెలుస్తూనే ఉంది. నా వైపు తిరిగాడు.

"ఏమక్కా, పాప చెప్పేది నిజమేనా? నువ్వొక మాట అను, లేసిపోదాం."

అవును అంటే చాలు. రెండు నెలలు గడిస్తే చీట్లు, పేరు ఉంటుంది. మనవరాళ్ళ బడి ఉంటుంది. నా నోట ఆ మాట తయారుగానే ఉంది.

ఎదురుగా పడమటి వీధి అతని పెళ్ళాం గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంది. నవ్వడం లేదు. నేను ఏమంటానో అని చూస్తోంది, అంతే. పక్కనే ఆ పిల్ల నాకు కళ్ళతో సైగ చేస్తోంది, అనండి అవ్వా అని. బురదలో కాలు తెగినది, క్యాన్ల ముందు నిలబడినది, కొట్టేసిన మాట, అన్నీ ఆ పిల్ల కల్పించినవే అని నేను ఒప్పుకోవాలి. నిన్న మా బతుకు దానికి కేసు. ఇవాళ కట్టుకథ. రెండింటికీ నన్ను అడగలేదు. నన్ను కాపాడటానికి వచ్చిందన్నది నాకు అప్పుడూ తెలుసు. తెలిసినా కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది.

"కాదు" అన్నాను. "ఆ పిల్ల అబద్ధం చెప్తుండాది. ఫొటో నిజం. పుండు పడిన కాడి నుంచీ నా కొడుకు ఒక్క కట్టె నాటలేదు. దించింది నేనే, నా కోడలి తమ్ముడిని. ఊరి కట్టుబాటు ఏముంటే అది చెయ్యండి."

పిల్ల ఏడ్చింది. ఎవరో ఆమెను తీసుకుపోయి బస్సెక్కించారు.

వచ్చే చీట్లలో మా పేరు ఉండదని పెద్దకాపు చెప్పాడు. దాచినందుకు ఆ ఏడాది మిగిలిన వాటా కూడా లేదన్నాడు. కాలు పూర్తిగా మాని, పెద్దల కళ్ళ ముందర నీళ్ళల్లోకి దిగి కట్టె నాటి చూపిస్తే ఆ పై ఏడు చూద్దామన్నాడు. అంతకుముందు ఎవరికీ ఇవ్వని సందు అది. పడమటి వీధి అతనికి కూడా ఆ సందు ఇవ్వాలని నేను అన్నాను. సరే అన్నారు. దానికి అతని పెళ్ళాం నాకు దణ్ణం పెడుతుందేమో అనుకున్నాను. పెట్టలేదు. "ఇప్పటికి గుర్తొచ్చినామా అత్తా" అని లేచిపోయింది.

ఇంటికి వచ్చాక నా కొడుకు మంచం మీద కూర్చుని ఒకే మాట అన్నాడు.

"ఆ పిల్ల ముఖానికి పట్టీ అన్నా ఏసిందిమా. నువ్వు అదీ ఎయ్యలా."

అప్పటి నుంచి వాడు నాతో మాట్లాడటం లేదు. కోడలి తమ్ముడు తన ఊరికి పోయాడు. కోడలు రొయ్యలు వొలిచే షెడ్డులో పనికి కుదిరింది. పొద్దున వ్యాను వచ్చి తీసుకుపోతుంది, సాయంత్రానికి వేళ్ళు పాలిపోయి, మంచు పట్టిన వాసనతో వస్తుంది. ఇల్లు నేనే చూసుకుంటున్నాను.

ఆ పిల్ల రెండు శనివారాలు వచ్చింది. మొదటిసారి గడపలో నిలబడి క్షమించమంది. కూర్చోమని నేను అనలేదు. "నీకు అయిదిళ్ళు గదా. తక్కిన నాలుగూ చూసుకో" అన్నాను. రెండోసారి కట్టు గుడ్డల కట్ట, మందు గడప పక్కన పెట్టి, పిలవకుండానే పోయింది. గుడ్డలు మంచివి. వాడాను. వస్తువును పారేసే అలవాటు నాకు లేదు.

కిందటి నెల పెద్ద డాక్టరమ్మ మా ఇంటికి వచ్చింది. జరిగిందంతా ఆమెకు తెలిసిపోయింది. చాలా బాధపడింది, నిజంగానే. కొత్త పిల్లలకు ఇదే పాఠంగా చెప్పాలట, రోగి చెప్పిన రహస్యాన్ని ఎట్లా కాపాడాలో. కాలేజీకి వచ్చి నన్నే చెప్పమంది.

"నేను చెప్పినాక ఆ మాట ఎవురిదమ్మా?" అని అడిగాను.

ఆమె సంచిలోంచి ఒక కాగితం తీసింది. ఈసారి అన్నీ వివరంగా రాయించామని, చదువుకుని సంతకం పెట్టమని చెప్పింది. చదివాను. తీరిగ్గా, ప్రతి వరసా. ఇంతకుముందు కూడా ఇటువంటిది ఒకటి ఉందా అని అడిగాను. ఉందట. మొదటి రోజు ఆ పిల్ల అట్ట మీద పెట్టి ఇచ్చిందట. తీసి చూపించింది. మా కుటుంబ వివరాలను బోధనకు వాడుకోవచ్చని చిన్న అక్షరాల్లో ఉంది. కింద నా సంతకం, మూడో తరగతి అక్షరాల్లో. మరుగుదొడ్డి ప్రశ్న మీద తగువు పడుతూ పెట్టినట్టున్నాను. ఉప్పు పొట్లం మీది అక్షరాలు కూడా చదవకుండా వదలని దాన్ని, ఆ ఒక్క కాగితం చదవలేదు. ఎదురుగా కూర్చున్న మనిషి అడిగింది కదా అని పెట్టేశాను.

కొత్త కాగితం సంతకం పెట్టకుండానే మడిచి ఆమె చేతికి తిరిగి ఇచ్చాను. ఆమె బలవంతం చేయలేదు. టీ తాగి వెళ్ళింది.

చీట్లు తీసేసి పది రోజులైంది. నేను గుడి దగ్గరికి పోలేదు. ఇంట్లోంచే అన్ని పేర్లూ వినపడ్డాయి, మైకు పెట్టారు. కిందటి చీట్లలో మాకొచ్చిన చోటుకు ఈసారి పక్కింటి పేరు వచ్చింది. నా కొడుకు ఆ సేపంతా పెరట్లో వల బాగు చేస్తూ కూర్చున్నాడు, ఈ ఏడాది ఎవరూ కట్టని వల.

కాలు నీళ్ళల్లోకి పోక రెండు నెలలు దాటింది. ఇప్పుడు బస్సెక్కి సూళ్లూరుపేటకు తానే పోతున్నాడు, దాచుకోవాల్సిన పని లేదు కాబట్టి. బిళ్ళలు కోడలు ఇస్తేనే వేసుకుంటాడు. పుండు మానుతోందట, కొత్త చర్మం వస్తోందట. ఆ సంగతి నాకు కోడలు చెప్పింది. వాడు చెప్పలేదు, నేనూ అడగలేదు. కట్టు గుడ్డ ఉడకబెట్టేటప్పుడు మాత్రం చూస్తాను. ముందంత మరక ఉండటం లేదు.